చేపకి ఫ్రెష్ నీళ్ళు

చేపల గురించి త్రినాథ్‌కి తెలియంది లేదు. చచ్చిన చేపల గురించి.

ఈ రెండో మాట అతను తుఫాను దాకా కలుపుకోలేదు. అంతవరకూ మొదటి మాట ఒక్కటే చెప్పుకుని బతికేశాడు. "మాది కళింగపట్నం పక్క రేవు. నాకు అన్నప్రాసన్నాడే సేప పులుసు నాకించేరు" అని డబ్బా కొట్టుకునేవాడు. శ్రీకాకుళం మార్కెట్లో అతని కొట్టు ముందు ఎవరైనా వంగి మొప్ప ఎత్తి చూడబోతే, "మొప్ప సూడకండమ్మా, నా మొకం సూడండి, అంత ప్రెష్షు" అనేవాడు. ఆ మొకాన్ని నమ్మి ఎంతమంది మోసపోయారో గానీ, అందరికంటే ఎక్కువ నమ్మింది మాత్రం తనే.

అతని తల్లి జగ్గమ్మ. ఆవిడ గొంతు గురించి ముందు చెప్పుకోవాలి. తల మీద తట్ట పెట్టుకుని ఊళ్ళు తిరిగిన గొంతు అది. తర్వాత కొడుకు కొట్టు ముందు చెక్కపీట వేసుకుని కూర్చున్నా ఆ గొంతు తగ్గలేదు. ఆవిడ "రండమ్మా రండి" అంటే మార్కెట్టుకి రానివాళ్ళు కూడా ఉలిక్కిపడి వెనక్కి తిరిగేవారు. బేరమాడేవాళ్ళని తిట్టి, తిట్లు తిన్నవాళ్ళ చేతే కొనిపించి, రేపు మళ్ళీ రమ్మని పంపేది.

ఆ ఎండాకాలం ఆవిడకి మోకాలు ఆపరేషనైంది. "ఇంక బజారు మాటెత్తకే అమ్మా. రాణీలాగ ఇంట్లో కూకో" అన్నాడు త్రినాథ్. మర్నాడే ఆవిడ పీట తీసి అటకెక్కించి, ఆ చోట్లో పెద్ద ఐసుపెట్టె పెట్టించాడు. కొడుకంటే ఇలా ఉండాలని తనలో తనే మురిసిపోయాడు.

జగ్గమ్మ మాట్లాడ్డం మానేసింది.

అలిగి మానేస్తే బతిమాలొచ్చు. ఆవిడ అలగలేదు. పిలిస్తే "ఊఁ" అంటుంది, పెడితే తింటుంది, గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. "కూరేటి సెయ్యమంటావత్తా?" అని కోడలు రేఖ అడిగితే "ఏదోటి" అంటుంది. పులుసులో చింతపండు కాస్త తక్కువైతే వీధి వీధంతా వినబడేలా కేకలేసే మనిషి "ఏదోటి" అనేసరికి రేఖకి భయమేసి వంటింట్లోకెళ్ళి ఏడ్చింది. డాక్టరుకి చూపిస్తే మోకాలు బ్రహ్మాండంగా ఉందన్నాడు.

అప్పుడు అక్వేరియం తెచ్చింది కూతురు హేమ. విజయనగరంలో ఇంజినీరింగు చదువుతూ, సెలవు దొరికితే బస్సెక్కి వచ్చేస్తుంటుంది. "నాన్నమ్మకి సేపలు సూడకపోతే తోచదు నాన్నా. బతికున్నవి తెచ్చిద్దాం" అని తండ్రిని రంగుచేపల కొట్టుకి లాక్కెళ్ళింది.

కొట్టతను వినోద్ పాపం మంచివాడు. అద్దాలపెట్టె, గాలి బుడగల మిషను, గులకరాళ్ళు అన్నీ సర్దిచ్చి, నీళ్ళ సంగతి చెప్పడం మొదలెట్టాడు. "కుళాయి నీళ్ళు తిన్నగా పొయ్యకండి. అందులో మందుంటుంది, మనకి మంచిదే గానీ చేప మొప్పల్ని కాల్చేస్తుంది. బకెట్లో పట్టి ఒక రోజు మూత లేకుండా వదిలేయండి, లేదా ఈ సీసాలో విరుగుడు మందు నాలుగు చుక్కలేయండి. నీళ్ళు మార్చినప్పుడు మొత్తం తీసేయకూడదు. కొంచెం తీసి, కొంచెం పొయ్యాలి. కొత్త నీళ్ళ వేడీ, పాత నీళ్ళ వేడీ ఒకలాగే ఉండాలి."

త్రినాథ్ నవ్వాడు. ఎలా నవ్వాడంటే, ఆ నవ్వు తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా అతనికి తన చెంప తనే వాయించుకోవాలనిపించేది. "బాబూ, మా తాతలనాటి నుంచీ సేపలే మాకు. నువ్వు నాకు సెప్తన్నావేటి?" అన్నాడు. హేమ మాత్రం చెప్పిందంతా బుద్ధిగా విని, మందు సీసా సంచిలో వేసుకుంది.

మూడు చేపలు తెచ్చారు. రెండు నారింజ రంగువి. మూడోది నల్లగా, గుడ్లు బయటికి పొడుచుకొచ్చి, మూతి ముడుచుకుని, ఎవరిమీదో కోపంగా ఉన్నట్టుంటుంది. జగ్గమ్మ కొన్నాళ్ళు పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం, రేఖ మేత వేస్తుంటే, ఆ నల్లది అడుగునుంచి నెమ్మదిగా పైకొచ్చి, గుటుక్కున మింగి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

"ఒలే రేఖా" అంది జగ్గమ్మ. "ఈడు సూడే. అచ్చం మీ మావే."

రేఖ చేతిలో మేత డబ్బా జారిపోయింది.

నిజంగానే అచ్చం ఆయనే. త్రినాథ్ తండ్రి నలుపు, గుడ్లు బయటికి, మాట పలుకు లేదు. వేటనుంచొచ్చి, తిని, మూతి ముడుచుకుని పడుకునేవాడు. పోయి చాలా ఏళ్ళైంది. అలా ఆ చేప పేరు 'మీ అయ్య' అయిపోయింది. "మీ అయ్యకి మేతేసేరా?" "మీ అయ్య ఇయ్యాల నీరసంగున్నాడు." బయటివాళ్ళెవరైనా వింటే ఆస్పత్రికి తీసుకెళ్ళమనేవారు.

జగ్గమ్మ మనుషులతో మాత్రం ఆ ఒకటో రెండో మాటలే. మిగతా అంతా చేపతోనే. కుర్చీ అద్దాలపెట్టె దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి గొణుగుతుంది. ఇంట్లో వాళ్ళ మీద చాడీలు, ఎప్పటివో బజారు గొడవలు, తనని మోసం చేసిన బేరాలు. త్రినాథ్ మధ్యాహ్నం కొట్టు కట్టేసి వచ్చి, గుమ్మం తెర వెనక నిలబడి వినేవాడు. మాటలేవీ తెలిసేవి కావు. తల్లి గొంతు వినబడుతుంది కదా, అది చాలు. ఆ నల్ల చేప పోతే ఆ గొంతు కూడా పోతుందని అతనికి తెలుసు. ఆ ఒక్క విషయంలో మాత్రం అతని తెలివికి వంక పెట్టనక్కర్లేదు.

హేమ వచ్చినప్పుడల్లా నీళ్ళ పని తనే చూసుకునేది. ముందురోజే బకెట్లో పట్టి ఉంచడం, చుక్కలు వెయ్యడం, పాత నీళ్ళు కాసిన్ని తోడి కొత్తవి కాసిన్ని పొయ్యడం. "బాలింతకి పథ్యమెట్టినట్టు ఎడతన్నావేటే సేపకి?" అని వెక్కిరించేవాడు త్రినాథ్. తండ్రికి జవాబిచ్చి లాభం లేదని హేమ చిన్నప్పుడే నేర్చుకుంది.

తిత్లీ తుఫానొచ్చింది. కరెంటు పోయింది, కుళాయి పోయింది. గాలి బుడగల మిషను ఆగిపోయింది. నీళ్ళు పసరు తిరిగి, అద్దానికి జిడ్డు పట్టింది. ఫోన్లో సిగ్నలు వీధి అరుగు చివర నిలబడితేనే వస్తోంది. హాస్టల్లో చిక్కుకుపోయిన హేమ అక్కణ్ణుంచే మొత్తుకుంది. "నాన్నా, నాను వచ్చినదాకా తొట్టి ముట్టుకోకు. మేత తగ్గించు. మరీ వాసనొస్తే, అమ్మ తుఫానుకి ముందు డ్రమ్ములో పట్టి ఉంచినాది కదా, ఆ నీళ్ళు రెండు మగ్గులు మార్చు, అంతే."

"సర్లేయే" అన్నాడు త్రినాథ్. చెవిలోకి పోనిస్తే కదా.

కుళాయి వచ్చిన రోజు పొద్దున్న రేఖ అత్తగారిని ఆటోలో మోకాలు చూపించడానికి తీసుకెళ్ళింది. మధ్యాహ్నానికి వచ్చేస్తారు. వెళ్ళేముందు జగ్గమ్మ అద్దం మీద వేలితో కొట్టి, "ఉండు, వచ్చెత్తాను" అని చేపకి చెప్పింది. కొడుక్కి చెప్పలేదు.

పడవలు కదలడం లేదు, బజారు లేదు. త్రినాథ్‌కి చేతులూరుకోలేదు. తల్లి వచ్చేసరికి తొట్టి తళతళలాడాలి అనుకున్నాడు. మురికి తొట్టి కడగడం తనకి రాదా? రోజూ ఐసుపెట్టెలు కడిగే చేతులివి!

ఐసుపెట్టె కడిగినట్టే కడిగాడు.

మూడు చేపల్నీ బేసిన్లో వేశాడు. పాత నీళ్ళు ఒక్క చుక్క మిగలకుండా కాలవలో పారబోశాడు. కొట్టునుంచి తెచ్చిన బ్లీచింగు పొడి గుప్పెడు జల్లి, అద్దాలూ గులకరాళ్ళూ మిషను స్పాంజీ అన్నీ బరబరా తోమాడు. పైపు పెట్టి కడిగాడు. ఆ పైపుతోనే కుళాయి నీళ్ళు నింపాడు. తుఫాను తర్వాత రోగాలు రాకుండా నీళ్ళలో మందు కాస్త ఎక్కువే కలుపుతారు, కలపాలి కూడా. ముక్కుకి ఘాటు తగిలితే త్రినాథ్ కళ్ళు మూసుకుని ఆనందంగా పీల్చాడు. ఇరవయ్యేళ్ళుగా అతనికి శుభ్రమంటే ఆ వాసనే.

పక్కనే పెరట్లో రేఖ పట్టి ఉంచిన నీలం డ్రమ్ముంది, గుడ్డ కప్పి. దాని మీద చూపు పడకపోలేదు. 'నిలవ నీళ్ళా? మాయమ్మ సేపకా? ఛీ!' అనుకున్నాడు. ఫ్రెష్ అనే మాట మీద ఇల్లు కట్టుకున్నవాడు మరి.

అంతటితో ఆగినా బాగుండేది. కరెంటు లేదు, ఉక్కగా ఉంది, పాపం చేపలు ఎంత అల్లాడిపోతున్నాయో అనిపించింది. ఊళ్ళో ఐసు బంగారమైపోయిన రోజులవి. తన సరుకు కోసం దాచుకున్న థర్మకోల్ పెట్టె తెరిచి, మంచి పెద్ద ముక్కలు ఏరి, ప్రేమగా తొట్టిలో వేశాడు.

చేపకి ఐసు. అంత ప్రేమ ఎవడు చూపిస్తాడు?

చేపల్ని వదలగానే అవి తొట్టంతా చెలరేగిపోయాయి. అద్దానికి గుద్దుకుంటున్నాయి, పైకెగురుతున్నాయి. "అబ్బ, ఎంత కుశాలగున్నాయో!" అని నడుం మీద చేతులేసుకుని చూశాడు. కాసేపటికి నారింజ రంగుది ఒకటి పక్కకి ఒరిగింది. పడుకుందేమో అనుకున్నాడు. తర్వాత కడుపు పైకి తిప్పింది. ఇంకోటి దాని వెనకే.

చెయ్యి పెట్టి తీశాడు. చచ్చిన చేప చేతిలోకి వచ్చాక ఆ చేతికి ఒకటే పని తెలుసు. బొటనవేలు దానంతటదే వెళ్ళి మొప్ప ఎత్తింది.

మొప్ప తెల్లగా ఉంది.

ఇప్పుడే, తన కళ్ళముందే ప్రాణం పోయిన చేప. మొప్ప నెత్తురులా ఎర్రగా ఉండాలి. ఉడకబెట్టినట్టు పాలిపోయి, జిగురు కట్టి ఉంది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున బ్లీచింగు. 'చేప మొప్పల్ని కాల్చేస్తుంది' అన్న వినోద్ మాట అప్పుడు, ఇన్ని నెలల తర్వాత, అతని చెవిలోకి చేరింది.

తొట్టిలో మీ అయ్య ఒక్కడే మిగిలాడు. నీటి పైకొచ్చి మూతి తెరుస్తూ మూస్తూ, ఒక పక్కకి వాలిపోతున్నాడు.

త్రినాథ్ అరుగు మీదికి పరిగెత్తాడు. "అమ్మా హేమా, నాను... తొట్టి కడిగినాను."

"దేంతో?"

"బ్లీచింగుతో."

సిగ్నలు పోయిందేమోనని ఫోను చూసుకున్నాడు. పోలేదు.

"నీళ్ళో?"

"కుళాయివే. ఫ్రెష్షుగా. మరేటంటే... ఐసు కూడా ఏసినాను."

"ఐసేటి నాన్నా! ఐసేటి! అవి బతికున్న సేపలు నాన్నా!"

ఆ అరుపులో మనవరాలికి నాన్నమ్మ గొంతు వచ్చిందని త్రినాథ్ గమనించే స్థితిలో లేడు. హేమ గబగబా చెప్పింది. మందు సీసా టీవీ వెనకుంది, ఉన్నదంతా తొట్టిలో వంచెయ్యి. ఐసు తీసెయ్యి. చేపని మాత్రం కదపకు. డ్రమ్ములో నీళ్ళు మగ్గుతో కొంచెం కొంచెం పొయ్యి, ఎత్తునుంచి పొయ్యి, గాలి కలుస్తుంది. ఒక్కసారే గుమ్మరించావంటే అదీ పోతుంది.

మందు వంచాడు. ఐసు తోడాడు. డ్రమ్ముకీ తొట్టికీ మధ్య పరుగులు పెట్టాడు. లుంగీ ఎగ్గట్టి, మగ్గు నెత్తికెత్తి, సన్నగా ధార పోస్తూ నిలబడ్డాడు. నిండినప్పుడల్లా కాసిన్ని తోడి మళ్ళీ పోస్తున్నాడు. "అయ్యా, నీకు దండమెడతాను, బతుకయ్యా" అని తండ్రి పేరు పెట్టుకున్న చేపని వేడుకుంటుంటే కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. 'ఒరే త్రినాధా, సముద్రం పక్కన పుట్టినోడా, సేపని నీళ్ళలో ముంచి సంపినోడివి నువ్వొక్కడివేరా' అని తనని తను తిట్టుకున్నాడు.

మధ్యలో అబద్ధాలు కూడా వెతుక్కున్నాడు. పిల్లి వచ్చిందందామా? తుఫాను దెబ్బకి పోయాయందామా? అలాంటివే కొనుక్కొచ్చి వేసేద్దామంటే, వినోద్ కొట్టు బోర్డు ఎగిరిపోయి తలుపు మూసి ఉందని నిన్ననే చూశాడు. ఏ అబద్ధమూ కుదరకముందే వీధిలో ఆటో ఆగింది. టకటకా చేతికర్ర చప్పుడు.

జగ్గమ్మ గుమ్మంలో నిలబడింది. వెనక రేఖ. ముందు, మగ్గు నెత్తికెత్తుకుని నిలబడ్డ కొడుకుని చూసింది. తర్వాత కింద చూసింది. నారింజ రంగు చేపలు రెండూ పళ్ళెంలో ఐసు మీద పక్కపక్కనే, తలలు ఒకే వైపు పెట్టి, నీటుగా పేర్చి ఉన్నాయి. ఎప్పుడు పేర్చాడో త్రినాథ్‌కే తెలీదు. అలవాటు.

ఆవిడ కర్ర ఆనించుకుంటూ తొట్టి దగ్గరికొచ్చింది. వంగి చూసింది. వాసన పట్టింది.

త్రినాథ్ నోట ఒక్క అబద్ధమూ రాలేదు. "నానే సంపీసినానే అమ్మా" అన్నాడు. "బ్లీచింగెట్టి కడిగీసి, కొత్త నీళ్ళు పోసీసి, ఐసేసీసినాను. నువ్వొచ్చినప్పటికి బాగుండాలని. అయ్య ఒక్కడూ ఉన్నాడు. ఆడూ పోతే నువ్వు ఇంక అసలు మాటాడవని బయంగున్నాదే."

జగ్గమ్మ ఊపిరి పీల్చుకుంది. చాలాసేపు పీల్చుకుంది.

"ఒరే త్రినాధా!"

ఎదురింటి పెంకుల మీద కాకి ఎగిరిపోయింది.

"నీ తెలివి తగలెయ్య! బతికున్నదానికి ఐసెడతారేట్రా? ఎవడైనా ఎడతాడేట్రా? సచ్చినదాన్ని సూసి సూసి నీ కల్లకి అన్నీ సచ్చినవే అవుపిస్తన్నాయేట్రా? నిన్నూ ఆ ఐసుపెట్లో పడుకోబెట్టాలి, అప్పుడు తెలుస్తాది! నిన్ను నమ్మి జనం సేపలు ఎలగ కొంతన్నార్రా నాయనా!"

పక్కింటి దాలమ్మ గోడ మీంచి తొంగి చూసింది. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. అవతలి సందులో వాళ్ళు కూడా "జగ్గమ్మ గొంతే, జగ్గమ్మ గొంతే" అనుకుంటూ బయటికొచ్చారు. తిట్లు బజారు తిట్లు, తట్ట మోసిన నాటి తిట్లు, ఒక్కటి మిగల్చకుండా అన్నీ వచ్చాయి. త్రినాథ్ తల వంచుకుని నిలబడ్డాడు. నలభై దాటిన మనిషికి వీధి వీధంతా చూస్తుండగా తల్లి చేత తిట్లు. ఇంతకంటే పరువు తక్కువ లేదు. ఇంతకంటే సుఖమూ లేదు. రేఖ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలీలేదు.

తిట్టి తిట్టి జగ్గమ్మ కుర్చీలో కూలబడింది. కొడుకు చేతిలో మగ్గు లాక్కుంది. డ్రమ్ము నీళ్ళు దగ్గర పెట్టించుకుని, తనే సన్నగా పోస్తూ, గొంతు తగ్గించి అంది.

"నీళ్ళన్నీ ఒక్కపాలే మార్సీకూడదురా. కొంచెం కొంచెం మార్సాల. నా నీళ్ళూ అలగే ఒక్కపాలే మార్సీసినావు. కొత్త నీళ్ళు మంచియ్యేరా, నాను కాదన్ను. మరి ఊపిరాడాలి కదా."

త్రినాథ్ ఆవిడ కాళ్ళ దగ్గర, ఆ తడి నేల మీదే కూర్చుండిపోయాడు. పీట తీసిన రోజునుంచి ఇవాళ్టిదాకా ఒక్కసారి కూడా "నీకు రావాలనుందా అమ్మా?" అని అడగలేదు. అడగాలని తట్టనే లేదు. "తప్పైపోనాదే అమ్మా" అన్నాడు. "సర్లేరా, నీళ్ళు అందియ్యి" అంది ఆవిడ.

పొద్దు వాలేసరికి మీ అయ్య తిన్నగా నిలబడ్డాడు. రెక్కల అంచులు కాస్త కాలి చిరిగాయి. జగ్గమ్మ అద్దం మీద వేలు పెడితే, అడుగునుంచి నెమ్మదిగా వచ్చి, మూతి ముడిచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

"బతికేడు" అంది జగ్గమ్మ. "ఆ సూపు ఆడిదే." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "పడవలెప్పుడెల్తాయట?"

"ఎల్లుండి ఎల్తాయంతన్నారు."

"నా పీటేదిరా?"

"అటక మీదున్నాదే."

"దించు. రోజంతా కూకోను. ముందు ఒక గంట కూకుంతాను. ఆ తరవాత సూద్దాం, కొంచెం కొంచెం."

త్రినాథ్ ఎక్కి దించాడు. పీట మీద వేలెడు దుమ్ము. తుడిచి, కడిగి, తళతళలాడించి తల్లి ముందు పెడదామని సంబరపడిపోయాడు. చెయ్యి అటూ ఇటూ వెతికి, దానంతటదే వెళ్ళి బ్లీచింగు డబ్బా మీద పడింది.

"ఒరే!" అంది జగ్గమ్మ. వీధి చివర కూడా వినబడింది.